బద్ద చివర ఎలిశబెతు

మైపాడు రోడ్డు పక్కన, సముద్రం కనబడకపోయినా దాని ఉప్పుగాలి మాత్రం తలుపు తట్టకుండా లోపలికి వచ్చేంత దూరంలో, హెన్రీ వడ్రంగం షెడ్డు ఉంది. ఆ గాలికి ఎవరి మీదా జాలి లేదు. ఉలి కానీ, మేకు కానీ, నిన్నగాక మొన్న కొన్న గడియ కానీ, నెల తిరిగేసరికి ఎర్రగా తుప్పు పట్టాల్సిందే. అందుకే అటువైపు ఆడవాళ్లు ఇంట్లోకి ఏ ఇనప వస్తువు వచ్చినా ముందు కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, తర్వాతే వాడతారు. హెన్రీ భార్య ఎలిశబెతు ప్రార్థన తర్వాత అంత నిష్ఠగా చేసే పని అదొక్కటే.

హెన్రీ తలుపులు చేసేవాడు, మంచాలు చేసేవాడు, చర్చికి బెంచీలు చేసేవాడు. సంఘంలో ఎవరు పోయినా పెట్టె కూడా అతనే చేసేవాడు. దానికి మాత్రం ఎవరి దగ్గరా కూలి పుచ్చుకోలేదు. పెట్టె విషయంలో అతనికి ఒక పట్టింపు ఉండేది. బతికున్న మనిషిని కొలవకూడదు. మంచాన పడి ఇవాళో రేపో అన్నట్టున్నా సరే, ప్రాణం పోయాకే దారం తీసుకుని వెళ్లేవాడు. ఇక మాటంటారా, మాట్లాడితే రంపం పళ్లు అరిగిపోతాయని భయమేమో ఈయనకి, అని ఊళ్లో ఎగతాళి.

అలాంటివాడికి యాభై దాటాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే టీ ఒలికేది, అది పెద్ద బాధ కాదు. కోత మిషను పట్టుకుంటే గీత ఒక దారి, మిషను ఒక దారి. చర్చి బెంచీకి తెచ్చిన మంచి టేకు పలకను వంకరగా కోసేసిన రోజున అన్నం ముట్టకుండా ఆ పలక ముందే కూర్చున్నాడు. పని మానుకోమని చెబితే ఆ మనిషి ప్రాణాన్నే మానుకుంటాడని ఎలిశబెతుకు తెలుసు. మర్నాడే అతన్ని వెంటబెట్టుకుని నెల్లూరు బస్సెక్కింది.

షాపతను వాళ్లకి ట్రాక్ సా చూపించాడు. పొడవాటి అల్యూమినియం బద్ద, దాని గాడిలో కూర్చుని జారే రంపం మిషను.

"చెయ్యి వణికినా మిషను వణకదు సార్. గీత మీద బద్ద పెట్టి తోసుకుంటా పోవడమే" అన్నాడు.

"బద్దే కదిలితేనో?" అంది ఎలిశబెతు.

"కింద నల్ల రబ్బరు అంటించుండారు చూడమ్మా. పలకను కరుచుకోని ఉంటాది."

తలుపు కోతకు ఎనిమిదడుగుల బద్ద కావాలి. కానీ అది బస్సులో పట్టదు. పొట్టివి రెండు కొని, మధ్యలో అతుకు పెట్టి బిగించుకుంటే సరిపోతుందని ఆమే తేల్చింది. అతుకు దగ్గర వంకరపోదు కదా అని రెంటినీ అక్కడే కలిపించి, ఒక కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు చూసింది. బ్లేడ్లు కూడా ఆమే ఏరింది. ప్లైవుడ్డుకు పళ్లెక్కువది, చెక్క నిలువు కోతకు పళ్లు తక్కువది. తర్వాత ఆటో ఆపడానికి ఆమె బయటికి వెళ్లినప్పుడు, షాపతను ఇంకో రెండు ఇనప ముక్కలు హెన్రీ చేతిలో పెట్టాడు. క్లాంపులు. బద్ద కింది గాడిలోకి దూర్చి మర తిప్పితే బద్దనూ పలకనూ కలిపి బిగిస్తాయి. హెన్రీ వాటిని సంచిలో వేసుకున్నాడు.

మొదటి కోతలో మిషను బద్ద అంచునున్న రబ్బరును తనకు కావలసినంత తెగ్గోసుకుంది. ఇక ఆ అంచు ఎక్కడుంటే కోత అక్కడే పడుతుంది. హెన్రీ ఏళ్ల తర్వాత చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ రాత్రి అతను పడుకున్నాక, పాపం ఎలిశబెతు, కొత్త వస్తువు తుప్పు పడుతుందని, బద్దను పైనా కిందా కొబ్బరినూనెతో శుభ్రంగా తుడిచిపెట్టింది. అల్యూమినియానికి తుప్పేమిటని ఆమెకు ఎవరు చెప్పారు? పొద్దున్నే హెన్రీ మిషను తోసేసరికి బద్ద చేపలా జారింది. తలుపు పలక పాడైంది. కింది రబ్బరును ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా మళ్లీ పట్టు రాలేదు.

"నేను చేసిన తప్పుకి నేనే పట్టుకుంటాలే" అని ఆమె చీర కొంగు బిగించి, బద్ద అవతలి కొసను రెండు చేతులతో అదిమి కూర్చుంది.

క్లాంపులు ఉన్నాయి అని హెన్రీ చెప్పలేదు. కూతురు షారన్ నర్సు ఉద్యోగానికి మద్రాసు వెళ్లిపోయాక ఆ ఇల్లు మూగబోయింది. ఎలిశబెతు వంటింట్లో, అతను షెడ్డులో, మధ్యలో వాకిలి. ఇప్పుడు ఆమె తన ఎదురుగా కూర్చుని ఉంది. క్లాంపులు బయటికి తీస్తే మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోతుంది. అంతే. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుని, వాటిని చూరు కింద అలమారలో పాత చిత్రికల పెట్టె అడుగున దాచేశాడు.

అలా ఏళ్లు గడిచాయి. ఆమె కొసన కూర్చుని ఊళ్లో సంగతులన్నీ చెప్పేది, కీర్తనలు పాడేది, అతని మీద విసుక్కునేది. మిషను తన వేళ్ల దగ్గరికి వచ్చేలోపే "సాల్లే" అనేది. అతను మిషను మీట మీంచి వేలు తీసేవాడు, బ్లేడు ఆగేది. కళ్లెత్తి చూడాల్సిన పనే లేదు, ఆ మాటే అతనికి కొలత.

ఒకసారి ఎవరిదో పెట్టె చేస్తుంటే, ఆమె నవ్వుతూ పలక పక్కన పొడుగ్గా పడుకుంది. "ఏమయ్యా, నేను సరిపోతానా దీంట్లో?"

హెన్రీకి ఒళ్లు మండింది. "లెయ్యి మే! బతికుండే మనిషి అట్టా కొలిపించుకోబాకు."

ఆమె లేచి రంపపుపొట్టు దులుపుకుంది. నవ్వు మానేసింది. "నేను పోతే మాత్రం అంగడి పెట్టె తేబాకయ్యా. ఆ రంగు కాయితాలు అంటించిన పెట్టెలో నన్ను పెట్టబాకు. నువ్వే కొయ్యాల. మాటియ్యి."

"నువ్వు పట్టుకోకుండా నేనెట్టా కోసేది?"

"ఎట్టనో ఒకట్ట కోస్తావులే" అంది ఎలిశబెతు. అతను మాటిచ్చాడు.

మొన్న శ్రావణంలో, కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి ఆమె అలాగే ఒరిగిపోయింది. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అంతా అయిపోయింది. షారన్ మధ్యాహ్నానికి వస్తుంది, సాయంత్రం భూస్థాపన అని మర్నాడు పొద్దున సంఘం వాళ్లు నిర్ణయించారు. పక్కింటి పెంచలకృష్ణ పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. అతనొచ్చి హెన్రీ భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, నీ చెయ్యి చూడు ఎట్టా వణకతుండాదో. నెల్లూరు పోయి పెట్టె నేను తెస్తా."

హెన్రీ తల అడ్డంగా ఊపి షెడ్డులోకి వెళ్లాడు. దారం తీసుకోలేదు. ఆమె కొలత తెలియడానికి అతనికి దారంతో పనిలేదు.

వేప పలకలు పరిచాడు. పెట్టెకు భుజాల దగ్గర వెడల్పు ఉండాలి, పాదాల వైపు సన్నబడాలి. ఆ ఏటవాలు కోత వట్టి చేత్తో అతని వల్ల కాదు, బద్ద ఉండాల్సిందే. గీత మీద బద్ద పెట్టాడు. మిషను తోశాడు. సగం దూరం పోయేసరికి బద్ద అవతలి కొస పక్కకు జరిగింది. పలక పాడైంది. ఇంకో పలక వేశాడు. ఎడమ మోకాలితో బద్దను అదిమిపట్టి మళ్లీ తోశాడు. అదీ పాడైంది. ఇక అంత వెడల్పున్నవి రెండే మిగిలాయి, ఆ రెండూ చెడితే అంగడి పెట్టే గతి. ఆమె అడిగింది ఒక్కటే, అది కూడా చేయలేకపోతున్నాడు. హెన్రీ ఆ పలక మీద తల పెట్టుకుని భోరున ఏడ్చాడు.

పెంచలకృష్ణ గుమ్మంలోంచి వచ్చి బద్ద కొసన కూర్చోబోయాడు. "నేను పట్టుకుంటా అన్నా."

"ఆడ కూర్చోబాకబ్బయా" అన్నాడు హెన్రీ. "అది ఆమె చోటు."

అప్పుడు గుర్తొచ్చాయి క్లాంపులు. ఇన్నేళ్లలో ఒక్కసారీ వాటి మొహం చూడలేదు. ఈ గాలికి అవి తుప్పు ముద్దలై ఉంటాయి, మర తిరగనే తిరగదు. అయినా స్టూలెక్కి చిత్రికల పెట్టె దించాడు. అడుగున చెయ్యి పెడితే మెత్తగా గుడ్డ తగిలింది. తాను ఏ గుడ్డలోనూ చుట్టలేదు.

విప్పి చూశాడు. ఎలిశబెతు నీలం చీర ముక్క. పోయిన ఈస్టరుకు కూడా కట్టుకున్న చీర అది, చిరిగిపోయిందని ఈమధ్యే పక్కన పెట్టింది. లోపల రెండు క్లాంపులు, కొన్నరోజున ఎలా ఉన్నాయో అలా, నిగనిగలాడుతూ. మర మీద వేలు పెడితే చాలు, గిర్రున తిరిగింది. వేళ్లకు అంటింది. కొబ్బరినూనె. ఇంకా ఆరలేదు.

ఆమెకు తెలుసు. అతను దాచిన కొన్నాళ్లకే తెలిసి ఉంటుంది. నెలనెలా దించి, తుడిచి, నూనె రాసి, మళ్లీ ఎక్కడివి అక్కడే పెట్టింది. ఒక్కమాట అనలేదు. ఇంటిపనంతా వదిలిపెట్టి, నడుం నొప్పి అంటూనే, రోజూ వచ్చి ఆ కొసన కూర్చుంది.

"తెలిసి కూడా పట్టుకున్నావా మే" అన్నాడు హెన్రీ, ఆ గుడ్డతో.

పలక సర్దాడు. బద్దకు ఒక క్లాంపు ఇటు, ఇంకోటి అవతలి కొసన ఆమె చేతులుండే చోటే బిగించాడు. చెయ్యి వణుకుతూనే ఉంది, బద్ద మాత్రం కదల్లేదు. మిషను ఆన్ చేసి మెల్లగా తోసుకుంటూ పోయాడు. వేప పొట్టు చేదు వాసన షెడ్డంతా కమ్మింది. భుజం దగ్గర మొదలై పాదాల దాకా, కోత వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

మిషను పలక కొస దాటిపోయింది. హెన్రీ వేలు తీయలేదు. తల వంచుకుని, బద్ద అవతలి కొస వైపు చెవి ఒగ్గి, అలాగే నిలబడ్డాడు. బ్లేడు వట్టి గాలిలో తిరుగుతూనే ఉంది. ఎంతసేపటికీ ఎవరూ ఏమీ అనకపోయేసరికి, పెంచలకృష్ణే గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకేశాడు.