గ్లిజరినే అన్నాను

2022 ఎండాకాలం. కోరుట్లలో నేను కేక్ సామాన్ల దుకాణం పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. మా తాతలు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాళ్లు. వాసన చూసే అది ఏ చెట్టు కల్లో మా తాత చెప్పేవాడట. ఆ ముక్కూ ఆ నాలుకా నాకు వచ్చాయని మా అమ్మ మురిసిపోయేది. నేనూ నమ్మాను. నమ్మడమే కాదు, దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ నమ్మించాను.

కేకుల్లో వాసన కోసం వేసే గాఢమైన ద్రవాన్ని ఎసెన్స్ అంటాం. కొత్త రకం వస్తే దాన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. చెంచాడు చక్కెర మీద ఒక చుక్క వేసి నాలుక కొనకు అద్దుకుంటాం. మంచిదైతే పండు తిన్నట్టే ఉంటుంది, నాసిరకమైతే చేదు తగులుతుంది. నా బల్ల మీద ఆ చక్కెర గిన్నె ఎప్పుడూ ఉండేది. జగిత్యాల, కొడిమ్యాల వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు కూడా ఎక్కడో కొన్న సీసాలు తెచ్చి, "అక్కా, జర సూసి చెప్పవా" అనేవారు. నేను పెద్ద వైద్యురాలిలాగా చుక్క వేసి, కళ్లు మూసుకుని తీర్పు చెప్పేదాన్ని.

మా వాడకట్టులోనే ఇంట్లో కేకులు చేసి అమ్మే సుజాత ఒక ఆదివారం నాలుగు చిన్న సీసాలు పట్టుకొచ్చింది. వాళ్లాయన రమేశ్ ఆరేళ్లు దుబాయిలో పనిచేసి ఆ వారమే తిరిగొచ్చాడు. మా వైపు దుబాయి నుంచి తెచ్చిన కార్టన్, అంటే సామాను పెట్టె, ఒక్క ఇంటిది కాదు. సబ్బులు, సెంటు, పాలపొడి అన్నీ చుట్టాలకు పంచాల్సిందే. ఎవరికి ఏం రాలేదో పదేళ్లు గుర్తుంటుంది.

"మాయన రూముల ఉండెటాయన పని మారి పోతు పోతు గివి ఇచ్చిపోయిండట అక్కా. ఎసెన్సులే గదా?"

మూడు సీసాల మీద పండ్ల బొమ్మలు ఉన్నాయి. మామిడి సీసా మూత తీయగానే దుకాణమంతా మామిడితోట అయింది. నిజం చెప్పాలంటే అసూయ కలిగింది, ఇంత మంచి సరుకు నాకు ఎన్నడూ దొరకలేదు. చక్కెర మీద చుక్క వేసి అద్దుకున్నాను. నాలుక కొన కొంచెం చల్లబడింది. పుదీనా లాంటిదేదో కలిపారనుకుని ఊరుకున్నాను.

"ఎసెన్సే. మస్తు ఘాటున్నది. కిలో కేక్‌కు రెండు చుక్కలు చాలు" అన్నాను.

"మరి గిదో? బొమ్మ లేదు, వాసన లేదు."

నాలుగో సీసాను వంచి చూశాను. నీళ్లలా తెల్లగా, కానీ చిక్కగా మెల్లగా జారుతోంది. కేకు మీద పూసే ఐసింగ్ ఎండిపోకుండా మేం గ్లిజరిన్ కలుపుతాం, అది అచ్చం ఇలాగే ఉంటుంది.

"గ్లిజరినే. ఐసింగ్‌ల చెంచెడు ఏసుకో."

దాన్ని చక్కెర మీద వేయను కూడా వేయలేదు. లేబుల్ మీద అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి. నా కళ్లద్దాలు చేతికందే దూరంలోనే ఉన్నాయి. పెట్టుకోలేదు.

గురువారం మధ్యాహ్నం మూడున్నరకు సుజాత మళ్లీ వచ్చింది, మొహం మాడ్చుకుని.

"అక్కా, మామిడి కేక్ తిన్నోళ్లు తిడుతున్నరు. నోట్లె పేస్టు పెట్టుకున్నట్టు సల్లగ అయితుందట. ఒగ ముసలవ్వకైతే దగ్గుడే దగ్గుడట."

నా నాలుక కొన చల్లబడింది గుర్తొచ్చింది. ఈసారి కళ్లద్దాలు పెట్టుకున్నాను. ఆమె వెంట తెచ్చిన మామిడి సీసా లేబుల్‌ను నాకొచ్చిన ఇంగ్లిషుతో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాను. నేరుగా నోట్లోకి తీసుకోరాదని ఉంది. వేప్ అనే మాట ఉంది. వేప్ అంటే బ్యాటరీ సిగరెట్, లోపలి ద్రవాన్ని వేడిచేసి పొగలా పీలుస్తారు. మన దేశంలో అమ్మడమే నిషేధం, అందుకే ఆ సరుకు నేను ఎన్నడూ చూడలేదు. ఇవి ఆ ద్రవంలో వాసన కోసం కలిపేవి. పీల్చడానికి చేసినదాన్ని తినడానికి ఎవరూ పరీక్షించరు. నేను మాత్రం రెండు చుక్కలు చాలని కొలత కూడా చెప్పాను.

అప్పుడు నాలుగో సీసా గుర్తొచ్చింది. పొగ పీల్చేవాళ్లకు వాసన ఒక్కటే సరిపోదు కదా.

"సుజాతా, బొమ్మ లేని సీస ఏది?"

"గది మా ఆడిబిడ్డ పద్మకు ఇచ్చిన. మొన్న అన్నను సూడ అచ్చింది గదా, వట్టి చేతులతోని ఎట్ల పంపుత? దాని బిడ్డ పుట్టినరోజు గియ్యాల్నే. కేక్ నేనే చేసుకుంట వదినె అంటే ఇచ్చిన."

"ఫొటో ఏమన్న ఉన్నదా?"

ఉంది. కార్టన్ విప్పిన రోజు సుజాత సామానంతా పరిచి వాట్సాప్‌లో స్టేటస్ పెట్టుకుంది. వేళ్లతో పెద్దది చేసి చూశాం. మూలన ప్రమాదమని చెప్పే ఎర్ర గీతల గుర్తు, దాని కింద నికోటిన్ అనే మాట, పక్కన ఇరవై అనే అంకె. పొగాకులో ఉండే విషం అది. మిల్లీలీటరుకు ఇరవై మిల్లీగ్రాములు. నేను చెంచాడు వేసుకొమ్మన్నాను.

 సుజాత పద్మకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పద్మ మొగుడికి చేసింది. అదీ అంతే. వాళ్లది సిరిసిల్ల, ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎనిమిది సాంచాలు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఎనిమిదీ నడుస్తుంటే పక్కన నిలబడ్డ మనిషి మాటే వినపడదు, ఇంక ఫోన్ ఏం వినపడుతుంది?

"కేక్ ఎప్పుడు కోస్తరు?"

"ఆరింటికన్నది అక్కా. నా బిడ్డసోంటిది అక్కా అది, గియ్యాల్టికి నాలుగేండ్లు నిండుతున్నయ్..."

సుజాత చెప్పగానే రమేశ్ బండి మీద బయల్దేరాడు కానీ సిరిసిల్ల చేరాలంటే తక్కువలో తక్కువ రెండు గంటలు. సుజాత ఏడుస్తూ ఫోన్ చేస్తూనే ఉంది. పద్మ ఇంటి పక్కవాళ్ల నంబర్ కోసం నేను తెలిసినవాళ్లందరినీ అడిగాను. ఒక్కటీ దొరకలేదు. పద్మ ఫోన్ పదకొండోసారి కూడా మోగి ఆగిపోయింది. తెల్లనివన్నీ పాలు కాదని చిన్నప్పటి నుంచీ విన్నదాన్నే, తెల్లగా జారేదల్లా గ్లిజరినే అనుకున్నాను.

నాలుగున్నర దాటాక మా వైపు గాలిదుమారం లేచింది. బయటి రేకులు లేచి పడుతున్నాయి, దుకాణంలో కరెంటు పోయింది. ఆ చీకట్లోనే సుజాత మళ్లీ ఫోన్ కలిపింది.

"ఆఁ వదినె! ఇక్కడ గాలికి కరెంటు పోయింది. సాంచాలు బందయినంక ఇప్పుడే ఫోన్ ఇనవడ్డది. ఏంది గిన్నిసార్లు చేసినవ్?"

 ఫోన్ నేనే లాక్కున్నాను. "నేను కోరుట్ల నుంచి మాట్లాడుతున్న. ఆ బొమ్మ లేని సీసల ఉన్నది విషం. కేక్‌ల ఏసినవా?"

"విషమా? గది గ్లిజరిన్ గద! కోరుట్ల కేక్ సామాన్ల అక్కనే సూసి చెప్పిందట, గామెకు అన్ని ఎరుకట. క్రీముల చెంచెడు ఏసిన."

ఆ అక్కను నేనేనని చెప్పకుండా దాటేశాను. "ఎవలన్న తిన్నరా?"

"కేక్ ఇంక కొయ్యలే. బిడ్డనే క్రీము గిన్నె నాకింది. ఇందాక కక్కింది... ఎండకేమో అనుకున్న. పండుకున్నది, ఒళ్లంత చెమటలు..." చెబుతూ చెబుతూనే ఆమెకు అర్థమైపోయింది.  "ఉప్పునీళ్లు తాపాల్నా? కక్కియ్యాల్నా?"

"ఏం తాపకు, ఏం కక్కియ్యకు. బిడ్డనెత్తుకొని దవాఖానకు ఉరుకు. సీస పట్టుకపో."

పావుగంటకు దవాఖాన నుంచి పద్మ మొగుడు ఫోన్ చేశాడు. కంగారులో సీసా ఇంట్లోనే మరిచారు. డాక్టర్ లైన్లోకి వచ్చి అందులో ఏముంది, ఎంతుంది అని అడిగింది. సుజాత ఫోన్లో ఫొటో పెద్దది చేసి పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు ఒక్కో అంకె చదివి వినిపించాను. ఆదివారం ఒక్క నిమిషం పెట్టి చేయాల్సిన పని అది. ఆమె రెండుసార్లు చదివించుకుని, "సరే, పిల్లను ఇక్కడే పెట్టుకుని చూస్తాం" అని పెట్టేసింది.

తెల్లారి పది గంటల దాకా నాకు అన్నం సయించలేదు. పిల్ల లేచి పాలు తాగిందని, కేక్ ఏదని అడిగిందని దవాఖాన నుంచి రమేశ్ ఫోన్ చేశాడని సుజాత చెబితే, గోదాంలోకి పోయి పిండి బస్తాల మధ్య కూర్చుని ఏడ్చాను. ఆ రోజే మామిడి సీసా చుక్క తగిలిన ప్రతి కేకూ ఎవరింటికి పోయిందో సుజాతతో కలిసి తిరిగి కనుక్కుని, దొరికినవి పారేయించాను. చక్కెర గిన్నె కడిగి ఇంటికి తీసుకుపోయాను.

ఆ తర్వాత కూడా చాలామంది సీసాలు తెచ్చారు. ఇప్పుడు నేను మూడు చూస్తాను: తినే వస్తువని రాసి ఉందా, లోపల ఏమేం కలిపారో రాసి ఉందా, చేసినవాళ్ల చిరునామా ఉందా. ఏ ఒక్కటి లేకపోయినా వద్దంటాను. "మునుపు నాలిక మీద ఏసుకొని చెప్పేదానివి గదా" అని కొందరు వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. నాలుకకు రుచి తెలుస్తుంది, అంతే. అది తినే వస్తువో కాదో నాలుకకు తెలియదని నేను నేర్చుకోవడానికి ఒక పసిపిల్ల ప్రాణం మీదికి రావాల్సి వచ్చింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

రెండు నెలలకు పద్మ అన్నగారింటికి వచ్చి, బిడ్డను వెంటబెట్టుకుని మా దుకాణం మెట్లెక్కింది. 

"పద్మా, గా రోజు ఫోన్ల చెప్పలేకపోయిన. గ్లిజరినే అన్న అక్కను నేనే" అన్నాను.

"ఎరుకే. వదినె ఎన్నడో చెప్పింది."

"మరి నా దగ్గరికెందుకు అచ్చినవు?"

"ఇంకెక్కడికి పోవాలె?" అంది, బిడ్డ చేయి వదలకుండానే. "ఇగ నువ్వైతే సదవకుంట ఎవ్వలకు ఏం చెప్పవు."

గులాబీ ఎసెన్స్ అడిగింది. సీసా తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, లేబుల్ మీది మొదటి మాట నుంచి ఆఖరి అంకె దాకా పైకి చదివాను. అంతసేపూ ఆమె వింటూ నిలబడింది. చదవడం అయ్యాకే బిడ్డ చేయి వదిలింది.