చిటికెన వేలికి తెలియని గరుకు

మా ఆయన చిటికెన వేలికి మా ఇంట్లో ఉన్న మర్యాద నాకెప్పుడూ లేదు. ఆ చేత్తో మిరపకాయ తుంచడు, వేడి గిన్నె పట్టడు. పని నుంచి రాగానే ఆ వేలికి కొబ్బరినూనె రాసుకుంటూ గడప దగ్గర కూర్చుంటాడు. "పెండ్లికూతురికి చేసినట్టు చేస్తాండావే, పసుపు గూడా తెమ్మంటావా?" అని నేను దెప్పిపొడిస్తే, "కూడు పెట్టే వేలు మే ఇది" అనేవాడు.

అది నిజమే. బెంగళూరు పక్కన హొసకోటెలో మేమిద్దరం పనిచేసే షెడ్డులో సామాన్లకు నాన్‌స్టిక్ పూత వేస్తారు, దోసె పెనాల మీద ఉండే నల్లపూతే. ఆయన పూత కొట్టి, పొయ్యిలో కాల్చి తీస్తాడు. నేను తుడిచి, కాగితం చుట్టి పెట్టెల్లో సర్దుతాను. కొన్నేళ్లుగా వైట్‌ఫీల్డ్ అవతలి పెయింట్‌బాల్ మైదానం నుంచి తుపాకీ గొట్టాలు కూడా వస్తున్నాయి. ఆఫీసుల వాళ్లు సెలవునాడు జట్లు కట్టి ఒకరినొకరు రంగు గుండ్లతో కొట్టుకునే ఆట అది. వారమంతా కొట్టుకున్నది చాల్లేదేమో అని మా ఆయన నవ్వేవాడు.

ఆ గుండుకు క్యాప్సూల్ మాత్రకుండేలాంటి పల్చటి తొడుగు, లోపల రంగు. గాలి తోస్తే అది గొట్టంలో జర్రున జారిపోవాలి. లోపల గరుకు తగిలిందా, తొడుగు అక్కడే చిట్లుతుంది, వెనక వచ్చే గుండ్లు ఆ జిగటలో పడి దిక్కు తప్పుతాయి. అందుకే లోపల పూత. అంత సన్నని గొట్టంలో పూత సమంగా పట్టదు, మూతి దగ్గర కారి గడ్డకడుతుంది. లోపల చీకటి, కంటికి ఆనదు. మా ఆయన కళ్లు మూసుకుని, చిటికెన వేలు దూర్చి, ఒక్కసారి తిప్పి చెప్పేవాడు, ఇది పోనీ అనో, ఇది గీకి మళ్లీ కొట్టాల అనో. ఆయన పోనీ అన్న గొట్టం వెనక్కి వచ్చింది లేదు.

పోయిన ఎండాకాలంలో ఒకరోజు ఆయన ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు.

"రెండోది యాడప్పా? ఎవరింటి ముందర ఇడిసొచ్చినావు?" అన్నాను.

కిందికి చూసుకుని తెల్లబోయాడు. బస్సు రద్దీలో ఊడిపోయుంటుందిలే అన్నాడు. బస్టాపు నుంచి ఇంటిదాకా తారు కాగిపోతున్న రోడ్డు. అరికాలికి కాలలేదా అని అడగాలని నాకు తోచలేదు. పక్కింటామెకు చెప్పి ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

వానలు పడ్డాక గొట్టాలు వెనక్కి వచ్చాయి. లోపలంతా పసుపు రంగు ఎండి అట్టకట్టి ఉంది.

"సుమ్నే, ఊరికే ఎనక్కి పంపించినారు సార్. తేమకు గుండ్లు ఉబ్బుంటాయి, మన పూతదేం తప్పులేదు," అన్నాడు మా ఆయన ఓనరుతో. వానాకాలంలో గుండ్లు ఉబ్బే మాట వాస్తవమే, నేనూ నమ్మాను.

ఓనరు నిదానస్తుడు. ఆరిన గుండ్లు తెప్పించాడు. నేనొక గొట్టాన్ని కడిగి, దూర్చిన గుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా తుడిచి ఇచ్చాను. అందులో గుండు వేసి ఓనరు నోటితో ఊదాడు. సరైన గొట్టమైతే అలా ఊదితే గుండు అవతల పడాలి. అది మూతి దగ్గరికొచ్చి ఆగిపోయింది. పుల్లతో తోసి దాన్ని తీసేసి, లోపల వేలు పెట్టి చటుక్కున లాక్కున్నాడు. "నువ్వు చూడమ్మా," అని నాకిచ్చాడు. ఉప్మా రవ్వ అంటుకుని గట్టిపడినట్టుంది. ఒకచోట ముల్లులా గుచ్చుకుంది.

మా ఆయన నా చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు. ఎప్పటిలాగే కళ్లు మూసుకుని వేలు దూర్చాడు. నిదానంగా అటూ ఇటూ తిప్పాడు.

"నున్నగా ఉండాది గదప్పా," అన్నాడు.

వేలు బయటికి తీస్తే కొసన ఎర్రగా ఉంది. దాన్ని చొక్కాకు తుడుచుకుంటూ నావైపు తిరిగి, "రంగు సరిగ్గా పోలేదు మే, ఇంగోసారి కడుగు," అన్నాడు.

అందులో చిట్లినవన్నీ పసుపు గుండ్లు. ఓనరు తల తిప్పుకున్నాడు. మా ఆయన మా మొహాలు చూసి, వేలి మీద మళ్లీ ఊరుతున్న చుక్కను చూసి, పక్కనున్న పెట్టె మీద కూలబడ్డాడు.

షుగర్ అన్నాడు డాక్టరు. ముందు పాదాలు, తర్వాత వేళ్లు, నరాలు మొద్దుబారాయట. మందులు వాడితే ఇంకా ముదరకుండా చూడొచ్చు గానీ, పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాటివ్వలేనన్నాడు. ఇంటికొచ్చేదాకా నాకు ఆ ఒంటి చెప్పే కళ్లముందు ఆడింది. నేను నవ్విన నవ్వు నాకే రోత పుట్టింది.

ఇప్పుడు షెడ్డులో గొట్టాలు చూసే వేలు నాది. ఆయన పక్కన నిలబడి ఎక్కడ తిప్పాలో, ఎంత లోపలికి పోవాలో చెబుతాడు. "తొందరపడద్దు మే, వేలు చెప్పేది ఇనిపించుకో," అంటాడు.

సాయంత్రం కొబ్బరినూనె సీసా పట్టుకుని గడప దగ్గర అలాగే కూర్చుంటాడు. నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని చిటికెన వేలికి నూనె పట్టిస్తాడు. ఎంత గట్టిగా నొక్కుతున్నాడో ఆయనకు తెలియదు.

"నొప్పి పెడతాందా?" అని అడుగుతాడు.

"లేదప్పా," అంటాను.