వినిపించినావా పాపా?

పొద్దున కిటికీ తీయగానే మైదా బంక వాసన వచ్చింది. మా నూనె అంగడి పక్కగోడకు ఇద్దరు మనుషులు పోస్టరు అతికిస్తున్నారు. పెద్దాయన సంతాప సభ, రేపు సాయంత్రం. బొమ్మలో ఆయనకు నలభై ఏళ్లుంటాయేమో. నల్లటి జుట్టు, పైకెత్తిన చెయ్యి. ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన పెద్దాయనకు ఎనభై దాటాయి. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటికి వెలుతురు తెలిసేది కానీ అక్షరం ఆనేది కాదు. చెయ్యి అంత పైకి ఎత్తితే రెండు రోజులు భుజానికి కాపడం పెట్టించుకునేవారు.

ఆయన స్వాతంత్ర్యం రాకముందు జైలుకు పోయారని, ఢిల్లీలో మంత్రిగా చేశారని, దేశమంతా ఆయన మాటకు విలువ ఉండేదని టీవీలో పదిరోజులుగా చెబుతూనే ఉన్నారు. అవన్నీ నేను పుట్టకముందు సంగతులు. ఆయన సొంతూరు రాజంపేట పక్కన. భార్య పోయాక, కంటి వైద్యానికి దగ్గరగా ఉంటుందని కర్నూలు వచ్చి, మా అంగడి వెనక రెండు గదుల ఇల్లు బాడుగకు తీసుకున్నారు. అప్పటికి నేను బి.ఏ. పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. నలుగురిలో నోరు విప్పలేక ఒక ఉద్యోగం ఇంటర్వ్యూ నుంచి ఏడుస్తూ తిరిగొచ్చి, ఆ సంగతి డైరీకి తప్ప ఎవరికీ చెప్పుకోని రోజులు. పేపరు చదివిపెట్టడానికి ఎవరైనా కావాలని పెద్దాయన అడిగితే మా నాన్న నన్ను పంపాడు. "మా పిల్ల మాట్లాడదు సామీ, చదువుతాది" అన్నాడు. "చదివితే చాలు శెట్టీ, మాట్లాడేదానికి నేనుండాను కదా" అన్నారాయన.

పేపరు అయ్యాక అర్జీలు మొదలయ్యేవి. పదవి లేకపోయినా జనం వచ్చేవారు. ఆయన ఉత్తరం రాస్తే కలెక్టరు ఆఫీసులో దాన్ని పక్కన పడేయలేరని అందరికీ తెలుసు. వచ్చినవాళ్ల మాట ఆయన మొదటినుంచి చివరిదాకా వినేవారు. తర్వాత నేను వాళ్లను వసారాలోకి తీసుకుపోయి ఉత్తరం రాయాలి. రాసింది వాళ్లకు గట్టిగా చదివి వినిపించాలి. వాళ్లు ఊ అన్నాకే ఆయన దగ్గరికి తేవాలి. చదవలేరు కాబట్టి కాగితంలో ఏముందో ఆయన చూడరు. నేను వేలు పెట్టి చూపిన చోట సంతకం చేసేవారు. కలం పట్టుకునే ముందు మాత్రం ప్రతిసారీ ఒక్కటే అడిగేవారు. "వినిపించినావా పాపా? ఊ అన్యారా?"

మొదటి నెల వినిపించాను. పేపరైతే ఆయనొక్కరికే చదవడం. వసారాలో పదిమంది నా మొహంకేసే చూస్తుంటే మాట మాటకూ తడబడేదాన్ని. పైగా నేను రాసేది నాకు బాగుండేది. పుస్తకాలు చదివి పోగుచేసుకున్న మాటలన్నీ ఆ ఉత్తరాల్లో పెట్టేదాన్ని. వీళ్లకు చదివితే మాత్రం ఏం అర్థమవుతుంది అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అనుకున్నది మాత్రం నిజం. మెల్లగా వినిపించడం మానేశాను. ఆయన అడిగితే "ఆఁ, తాతా" అనేదాన్ని.

ఆ ఎండాకాలం ఆలూరు దగ్గరి పల్లెనుంచి మారెక్క అనే ఆమె నలుగురు ఆడవాళ్లతో వచ్చింది. బోర్లు ఎండిపోయి ఊరికి ట్యాంకరుతో నీళ్లు తోలుతున్నారు. ట్యాంకరు పెద్దవీధిలో రచ్చకట్ట దగ్గర ఆగుతుంది. మారెక్క వాళ్ల పేట ఊరికి పడమటి చివర. పెద్దవీధి వాళ్లంతా పట్టుకున్నాక మిగిలితేనే వీళ్ల బిందెలు ముందుకు రావాలి. చాలా రోజులు మిగలదు. ఆమె చెప్పింది ఇది. నేను రాసింది, "గ్రామ ప్రజలు దుర్భరమైన దాహార్తితో అలమటిస్తున్నారు, కావున మరొక ట్యాంకరును మంజూరు చేయ ప్రార్థన" అని. దుర్భరమైన దాహార్తి అని రాసినప్పుడు ఎంత పొంగిపోయానో డైరీలో ఉంది. ఆమెకు చదివి వినిపించలేదు. ఆయన సంతకం పెట్టారు.

ఇరవై రోజులకు మారెక్క ఒక్కతే తిరిగి వచ్చింది. "రెండో ట్యాంకరు వచ్చిందా మారెక్కా?" అని పెద్దాయన సంతోషంగా అడిగారు.

"వచ్చింది సామీ. ఇప్పుడు రెండు ట్యాంకర్లు వస్తాండాయి. రెండూ ఆడనే నిలబడతాండాయి. పెద్దవీధోళ్లు ఎనుములకు గూడా నీళ్లు పోసుకుంటాండారు. మీ పుణ్యమా అని గొడ్లు సల్లగా ఉండాయి. మేం మాత్రం వంకలో ఇసుక తవ్వి చెలమ తోడుకుంటాండాం."

పెద్దాయన నవ్వబోయి ఆగిపోయారు. ఉత్తరం నకలు తెమ్మన్నారు. చదవమన్నారు. చదివాను. దాహార్తి దగ్గర నా గొంతు నాకే వినబడలేదు.

"ఇదేం మాట సామీ?" అంది మారెక్క. "నేను నీళ్లు తక్కువ అని చెప్పలే. మా వంతు రాలేదని చెప్పినా."

ఆయన నావైపు తిరగలేదు. ఆమెవైపు చేతులు జోడించి, "తప్పు నాదమ్మా. సంతకం నాది" అన్నారు. మర్నాడు పొద్దున్నే ఆలూరు బస్సెక్కుదామని నాతో చెప్పారు. కారు తెస్తామని వచ్చినవాళ్లను వద్దన్నారు. ఆ మే నెల ఎండలో, ఆ వయసులో, సగం దారి కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నారు.

పేట మొదట్లో వేపచెట్టు నీడన నేలమీదే కూర్చుని ఆడవాళ్లందరినీ పిలిపించారు. వాళ్లు చెప్పినట్టే రాయమని, రాసింది లేచి నిలబడి చదవమని నాకు చెప్పారు. నలభైమంది ఉంటారు. మొదటి వాక్యం నోట్లోనే ఉండిపోయింది.

"ఏం పాపా, నోట్లో వక్కాకు ఉండాదా? గట్టిగా సదువు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. "మాయమ్మే, బయపడాకు, మేమేం కరవంలే" అంది ఇంకొకామె. చదివాను. "మా పేటకు నీళ్లు ఆలస్యంగా అందుతున్నాయి" అన్నచోట మారెక్క చెయ్యడ్డం పెట్టింది.

"ఆలస్యం కాదు. ఆలస్యమంటే ఎప్పుడో ఒగప్పుడు వస్తాయని కదా? మిగిలితేనే మాకు అని రాయి."

కొట్టేసి రాశాను. మళ్లీ చదివాను. ఇంకో మూడుచోట్ల ఆపారు. చివరికి అందరూ ఊ అన్నాక వేలిముద్రలు పడ్డాయి. వాటి కింద నేను వేలు పెట్టి చూపిన చోట ఆయన సంతకం చేశారు.

తిరుగు బస్సులో, ఆదోని దాటాక, "నేను వినిపించలేదు తాతా. అబద్ధం చెప్పినాను. ఆమెకొక్కదానికే కాదు" అన్నాను.

"నిన్ననే తెలిసింది పాపా." అన్నారాయన. "ఢిల్లీలో నేనూ అదే పని చేసినా. శానా బాగా రాసేవాళ్లు ఉండేవాళ్లు నా దగ్గర. చక్కని భాష. కండ్లు బాగున్నప్పుడే చదివి, బాగుందని సంతకం పెట్టేవాణ్ణి. అది ఎవురి గురించి రాసినారో వాళ్లకు చూపించాలని నాకు తోచలేదు. వాళ్లల్లో ఎంతమంది మారెక్కలు తిరిగొచ్చే దారి లేక ఊరుకున్యారో! ఈ వినిపించేది ఆ తర్వాత పెట్టుకున్న నేమం. నువ్వు ఇరవై రెండేండ్లకే తెలుసుకుంటివి."

ఓదార్చడానికి అన్నారో, తనకు తాను చెప్పుకున్నారో ఇప్పటికీ తెలియదు. ఆ వారమంతా నా పాత నకళ్లు ముందేసుకుని, వినిపించని ఉత్తరాలవాళ్లందరికీ కార్డులు రాసి మళ్లీ రమ్మన్నాను. కొందరు వచ్చారు. కొందరు రాలేదు. మారెక్క పేటలో జూన్ మొదట్లో ఒక ట్యాంకరు ఆగింది. రెండోది రచ్చకట్ట దగ్గరే ఆగిందట.

పెద్దాయన పోయిన మూడోరోజున మారెక్క వచ్చింది. అప్పటికి అంతా అయిపోయింది. మా వసారాలో కూర్చుని, ఢిల్లీలో ఉన్న ఆయన కూతురికి ఉత్తరం రాయమంది. "మీ నాయన మా పేటలో నేలమీద కూసున్యాడు. తప్పు నాది అన్యాడు. పెద్దోళ్లు ఆ మాట అనంగా మేము వినింది అదొక్కసారే." అంతే చెప్పింది. నేను అంతే రాశాను.

సభకు నాలుగు మాటలు రాసివ్వమని నిర్వాహకులు అడిగినప్పుడు నేను మొదట రాసింది వేరే. మహోన్నత వ్యక్తిత్వం, తీరని లోటు, అన్నీ ఉన్నాయి అందులో. నిన్న దాన్ని గదిలో ఒక్కదాన్నే నిలబడి గట్టిగా చదువుకుంటే మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను. అది చించేసి ఈ రోజు ఇది రాశాను. ఎవరో చదువుతారులే, నువ్వు రాసివ్వు చాలమ్మా అన్నారు వాళ్లు. నేనే చదువుతానన్నాను. మారెక్క ఆలూరు బస్సుకు వస్తానంది. ముందు వరసలో కూర్చోమని, తప్పున్నచోట అక్కడే ఆపమని కబురు చేశాను.