అక్కకు చెప్పని డాక్టరమ్మ

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. వినండి. తిట్టుకున్నా సరే, జాలి మాత్రం పడకండి.

తొర్రూరు నుంచి వరంగల్ మార్కెట్‌కు పత్తి తోలే డీసీఎం వ్యాను నడిపేవాణ్ని. బండి మా బావది. అక్కా బావా పరకాలలో ఉంటారు. ఒకరోజు పక్కనుంచి వచ్చిన ఆటో నాకు కనపడనే లేదు. కొద్దిలో తప్పింది. అద్దాలు పెట్టించుకుంటే చాలనుకుని హనుమకొండలో ఒక కళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె అద్దాలు రాయలేదు. చాలాసేపు పరీక్షించి గ్లకోమా అంది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుందట. నొప్పి తెలియదట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలవాలంటే బతికినంతకాలం చుక్కలు వేసుకుంటూ, తరచూ వచ్చి చూపించుకోవాలంది. బండి నడపొద్దంది. ఇది ఒకే ఇంట్లోవాళ్లకు రావచ్చు, తోబుట్టువులుంటే వెంటనే తీసుకురమ్మంది.

ఎవరూ లేరన్నాను.

ఎందుకన్నాను? అక్క వస్తే నా సంగతి బావకు తెలుస్తుంది, బండి తాళాలు పోతాయి. స్టీరింగ్ పట్టడం తప్ప మరో పని రాదు. బండి లేకుంటే నేనెవరిని?

డాక్టరమ్మను మాత్రం వదల్లేదు. చెప్పినప్పుడల్లా వెళ్లాను. చుక్కల సీసా సీటు కింద దాచాను. నా చూపు నిలిచింది.

తర్వాత ఒకసారి పరకాల వెళ్తే, అక్క అన్నం పెడుతూ పప్పు కంచం పక్కన పోసింది. తానే నవ్వి, తుడుస్తూ అడిగింది.

"తమ్మీ, చూపు జర మసకగ ఉంటాంది. నువ్వు రోజు హన్మకొండ దిక్కు పోతవ్ గదా, నమ్మకమైన కండ్ల డాక్టర్ ఎవలన్న ఎరుకేనా?"

"అందరు గంతే అక్కా. పోంగనే ఆపరేషన్ అంటరు. అద్దాలు మార్పియ్యి, సర్దుకుంటది."

నమ్మింది. అద్దాలు మార్చుకుంది. కుడికన్ను పూర్తిగా చీకటైపోయాక గానీ నాకు చెప్పలేదు. అప్పుడు తీసుకెళ్లాను, ఆ డాక్టరమ్మ దగ్గరికే. తోడెవరని అడిగితే, సొంత తమ్ముడని అక్కే చెప్పింది. డాక్టరమ్మ తలెత్తి నన్ను చూసింది. అక్క ముందు నా జబ్బు ఊసుగానీ, ఎవరూ లేరన్న నా మాటగానీ ఎత్తలేదు. కడిగేసి ఉంటే ఆమె మీదైనా కోపం పెంచుకునేవాణ్ని. ఆ అవకాశమూ ఇవ్వలేదు.

కుడికంటి చూపు తిరిగి రాలేదు. ఎడమకన్ను చుక్కల మీద నిలబడింది. నడుం నొప్పని చెప్పి, తాళాలు బావ చేతికిచ్చేశాను. అదీ అబద్ధమే.

ఇప్పుడు అక్క పరకాలలో కనపడ్డవాళ్లందరికీ చెబుతుంది, మంచి డాక్టర్‌ని తమ్ముడే దొరకబట్టాడని. ఆ మాట వింటూ పక్కనే నిలబడతాను. గ్రహచారమని బావ అంటాడు. కాదు. గ్రహాలకు నేను ఏ వాటా ఇవ్వను. భయపడ్డాను, నా చూపు కాపాడుకున్నాను, ఆమెది పోనిచ్చాను.

అక్కకు చెబుతానా? మీకు మాటివ్వను. ఆమె క్షమిస్తుందని తెలుసు, ఆ క్షమ నాకు వద్దు. ఒక్కటి మాత్రం ఇంతకాలానికి నోరు తెరిచి అంటున్నాను. అక్క అడిగిన రోజు ఆ డాక్టరమ్మ నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.