బొర్రా గుహలో అమ్మ ఎక్కిన మెట్లు

సింహాద్రి అప్పన్న మీద ఒట్టేసి మొదలుపెడుతున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడే ఒకసారి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనివ్వండి. మా ఇంట్లో మగవాళ్లకి చిటికెడు సంగతి దొరికితే చాటెడు చేసి చెప్పే జబ్బు నాన్న నుంచే వచ్చింది. కానీ ఇది అమ్మ కథ. ఒట్టు అందుకే.

డెబ్బైల చివర్లో మాట. నాన్న పోయి అయిదు నెలలైంది. పోర్టుకి దగ్గర్లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. దండెం మీద ఆరేసిన తెల్లపంచె సాయంత్రానికల్లా ఇనుప ఖనిజం ధూళికి ఎర్రబడిపోయే పేట అది. నాన్న పోర్టులో ఆ ఖనిజం దింపే పనిలోనే ఉండేవాడు. అంతకు ముందు, ఆ ఖనిజం తెచ్చే రైలు మార్గాన్ని కొండల్లో వేస్తున్న రోజుల్లో, సొరంగాల దగ్గర కూలికి వెళ్లాడు. బొర్రా గుహ అప్పుడే చూశాడు. కొండ కడుపులో మన పేటంతా పట్టేంత చోటుందనీ, రాతి పొదుగులోంచి నీళ్లు కారుతుంటాయనీ, లోపల శివలింగం తాడిచెట్టంత ఉందనీ అమ్మకి చెప్పాడు. నిన్ను తీసుకెళ్తానన్నాడు. పదిహేనేళ్లు అంటూనే ఉన్నాడు.

అమ్మ కళ్లకి నీటికాసులు. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు. అది విన్న రోజు సాయంత్రం కూర తరుగుతూ, ఈ శివరాత్రికి బొర్రా వెళ్తున్నాను అని చెప్పింది అమ్మ. అడగలేదు, చెప్పింది.

చిక్కంతా పెదనాన్నతో. ఆయన నాన్నకి అన్న. సబ్బవరం దగ్గర పల్లెలో వ్యవసాయం. నాన్న పోయాక మా ఇంటికీ ఆయనే పెద్ద. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా ఆ ఇంటివాళ్లు కొండ ఎక్కకూడదన్నది మావైపు నియమం. ఆ ఏడాది మేం సింహాచలం మెట్ల వంక కన్నెత్తి చూడలేదు. అలాంటిది, అయిదో నెలలో అనంతగిరి కొండల్లోకి ప్రయాణం అనేసరికి పెదనాన్న కండువా దులుపుకుంటూ బస్సు దిగాడు.

అమ్మ తలుపు చాటునే నిలబడింది. మాట మాత్రం వీధిలోకి వినిపించింది.

"కొండెక్కేది రైలు. దిగినాక నాను కిందికే ఎల్తాను బావగారు. గుహంటే గొయ్యే గదా. గోతిలోకి దిగకూడదని మీ పంతులుగారు సెప్పినారేటి?"

పెదనాన్న నిజంగానే ఊరెళ్లి పంతులుగారిని అడిగాడు. ఆయన రెండు రోజులు పుస్తకాలు తిరగేసి, ఎక్కడం గురించి ఉంది గానీ దిగడం గురించి తనకేమీ కనపడలేదన్నాడట.  చివరికి పెదనాన్న ఒక షరతు పెట్టాడు. తనూ వెంట వస్తాడు. రైలు దిగింది మొదలు దర్శనం అయ్యేదాకా అమ్మ పాదం పైకి పడకూడదు. తిరిగి రావడం ఇంటికి రావడమే గానీ కొండెక్కడం కాదని ఆయనే తేల్చాడు. అమ్మ సరేనంది.

శివరాత్రి పొద్దున్న ప్యాసింజరు పట్టుకున్నాం. పెదనాన్న ఉపవాసం, మడిపంచె, నుదుటి నిండా విభూతి. ఆయన ఎదురుగా కొత్తవలసలో ఎక్కిన ఒకామె ఒళ్లో కోడిపెట్టని పెట్టుకుని కూర్చుంది. ఎస్.కోట దాటాక సొరంగాలు మొదలయ్యాయి. ఒక పొడుగాటి సొరంగంలో పెట్టెంతా చీకటైపోయింది, రెక్కలు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. వెలుగులోకి వచ్చేసరికి పెదనాన్న ఒళ్లో మడిపంచె మడతల మధ్య వెచ్చటి గుడ్డు ఉంది. ఆమె ఏమీ జరగనట్టు చెయ్యి చాచి తీసుకుంది. తర్వాతి రెండు సొరంగాలూ పెదనాన్న నిలబడే దాటాడు.

బొర్రాలో దిగాక అసలు తమాషా మొదలైంది. స్టేషన్ నుంచి గుహకి వెళ్లే దారి చాలావరకు దిగుడే, కానీ మధ్యలో గుమ్మడికాయంత మిట్టలుంటాయి. అమ్మ ఒక్కో మిట్ట దగ్గరా ఆగి, పొదల్లోంచి చుట్టూ తిరిగి వచ్చేది. పెదనాన్న వంగి చూసి, ఆ రాయి అరజానెడు ఎత్తుంది, పక్కనుంచి రా అనేవాడు. వెనకొస్తున్న జనం వీళ్లేదో కొత్తరకం ప్రదక్షిణ చేస్తున్నారనుకుని తామూ ఆ మిట్టల చుట్టూ తిరిగారు. అరగంట దారి మాకు రెండు గంటలు పట్టింది.

గుహ ముఖం దగ్గర ఆ కొండ ఊరి మనిషి ఒకాయన కాగడా పట్టుకుని మా ముందు నడిచాడు. లోపల గబ్బిలాల కంపు, పైనుంచి చుక్క చుక్కగా చన్నీళ్లు. మూడు కళ్లున్న పెదనాన్నా, రెండు కళ్లున్న నేనూ అక్కడ అమ్మకంటే గుడ్డివాళ్లమైపోయాం. ఆయన మూడో కన్ను నుదుటి విభూతి. అమ్మే నా చెయ్యి పట్టుకుని, ఇక్కడ జారుతాదిరా అంటూ దించింది.

అడుగుకి చేరాక కాగడా మనిషి పైకి చూపించాడు. లింగం అడుగున లేదు. ఎత్తయిన రాతి అరుగు మీద, చిన్న గుహలో ఉంది. అక్కడికి పోవాలంటే బండలోకి చెక్కిన మెట్లున్నాయి. తొమ్మిదో పదో. కింద నుంచి ఒక దీపపు మసక వెలుగు తప్ప నాకే ఏమీ కనపడలేదు. అమ్మకి అది కూడా కనపడి ఉండదు.

పెదనాన్న మెట్లకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఇక్కడినుంచే దండం పెట్టుకోమన్నాడు. అమ్మ కదల్లేదు.

"ఒక్క మెట్టెక్కినావంటే మన రెండిళ్లకీ రాకపోకల్లేవు. ఆలోసించుకోమ్మా," అన్నాడు మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడితే అది ఖాయమని మా అందరికీ తెలుసు.

అమ్మ కొంగు నడుముకి బిగించింది.

"మీ తమ్ముడు పదేనేళ్లు సెప్పినాడు ఈ రాయి గురించి. నిజమో కాదో ఇంకెవుల్ని అడగమంటారు? ఏడాది ఆగమంటన్నారు. నా కన్ను ఆగుతాదేటి బావగారు? తప్పుకోండి."

బావగారితో అమ్మ అలా మాట్లాడటం అదే మొదలు. పెదనాన్న తప్పుకోలేదు. అమ్మే ఆయన పక్కనుంచి, బండ అంచు పట్టుకుని, మొదటి మెట్టు మీద పాదం వేసింది. ఇంతసేపూ మిట్టల్ని చుట్టి వచ్చిన మనిషి ఇప్పుడు కావాలనే ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, నిలబడి, మరీ ఎక్కింది. నేను వెనకే ఎక్కాను.

పైన అమ్మ మోకాళ్ల మీద కూర్చుని, ముఖం రాతికి ఆనేంత దగ్గరగా పెట్టి చూసింది. వేళ్లతో తడిమింది.  తర్వాత నవ్వింది. నాన్న పోయాక ఆ నవ్వు వినటం అదే మొదటిసారి. గుహంతా మోగింది.

"ఒరే, మీ నాన్న తాడిసెట్టంత అన్నాడు. ఇది కొబ్బరికాయంత కూడా లేదురా."

ఆ నవ్వు కింద పెదనాన్నకి వినపడింది. కాసేపటికి మెట్ల మీద చెప్పుల్లేని అడుగుల చప్పుడు. కండువా తలకి చుట్టుకుని, ఆయాసపడుతూ ఆయన పైకి వచ్చాడు. లింగం వంక చూసి, ఆడెప్పుడూ అంతే, చిన్నప్పుడు పిల్లిని పట్టుకుని పులన్నాడు అని గొణిగాడు. ముగ్గురం ఒకే రాతి మీద కూర్చుని కన్నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం.

ఇప్పుడు ఒప్పుకోవాలి. గుడ్డు సంగతి మీరు నమ్మి ఉండరు. అది నిజం. పెదనాన్న పైకి వచ్చాడన్నది మీరు నమ్మి ఉంటారు. అది నేను కల్పించాను.

ఆయన రాలేదు. మేం దిగేసరికి అక్కడ లేడు. తిరుగు రైల్లో వేరే పెట్టెలో ఎక్కాడు. అన్న మాట మీదే నిలబడ్డాడు. నాన్న సంవత్సరీకానికి కబురు పెట్టాం, రాలేదు. నా పెళ్లికి శుభలేఖ తీసుకెళ్తే గుమ్మంలోనే నిలబెట్టి పంపాడు. ఆయన పోయేదాకా మా గడప తొక్కలేదు. పిలవడం మేం మానలేదు. తప్పయిపోయిందని మాత్రం అమ్మ ఒక్కసారి కూడా అనలేదు, నన్నూ అననివ్వలేదు. మరుసటి శివరాత్రికి అమ్మకి వెలుగూ చీకటీ తేడా ఒక్కటే తెలిసేది.

చుట్టాలు కూడిన చోటల్లా నేను ఈ కథ పెదనాన్నని మెట్లెక్కించే చెప్పేవాణ్ణి. అలా చెబితే వినేవాళ్లకి హాయిగా ఉండేది, నాకూ ఉండేది. అమ్మ మూల మంచం మీద కూర్చుని వినేది. ఆ చోటు రాగానే ప్రతిసారీ నన్ను ఆపేది.

"ఆయన ఎక్కలేదురా. నాను ఎక్కినాను. సరిగ్గా సెప్పు."