ఎదురుగా వచ్చి నిలబడితేనే

సెల్‌ఫోన్లు మా వైపు అందరి చేతుల్లోకీ కొత్తగా వస్తున్న రోజులు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. చొక్కా నిండా రాతి దుమ్ము, ఒళ్లో ఉలుల సంచి. విగ్రహాలు చెక్కే మనిషని అడగకుండానే తెలిసిపోయింది.

దారిలో ఆయన ఫోను మోగింది. అవతలివాడి గొంతు నాకూ వినిపించేంత గట్టిగా ఉంది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాడట, ఏటీఎం కార్డు ఆగిపోతుందట, దాని మీది నంబరు చెప్పాలట. పెద్దాయన కంగారుగా కార్డు నా చేతికిచ్చాడు.

"రాయి కొనే దుడ్లన్నీ దీంట్లోనే ఉండాయప్పా. నాకు చూపు ఆనదు, అంకెలు చదువు."

నేను ఐదో తరగతితోనే బడికి దండం పెట్టినవాణ్ణి. నన్ను చదవమని బతిమాలిన మొదటి మనిషి ఆయనే. పద్యం చదివినట్టు రాగం తీసి మరీ చదివాను. ఆ తర్వాత వాడు రహస్య నంబరు కూడా చెప్పమన్నాడు.

పెద్దాయన ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"యాడుండావ్ సామీ నువ్వు? మేం విగ్రహానికి కండ్లు చెక్కాలన్నా, చేయించుకున్నోడు వచ్చి ఎదురుగా నిలబడాల. నువ్వూ ఆళ్లగడ్డకు రా. నా ముందర నిలబడు, చెప్తా."

"ఈరోజే కార్డు ఆగిపోతుంది!" అని అరిచాడు వాడు.

"ఆగనీలే. బ్యాంకు యాడికీ పోదు," అని ఫోను పెట్టేశాడు.

"వాడు నిజంగా వస్తే ఏం జేస్తావ్ పెద్దాయనా?" అన్నాను.

"ఉలి ఉండాది గదప్పా," అన్నాడు నవ్వకుండా.

ఇప్పుడు నాకూ అలాంటి ఫోన్లు వస్తుంటాయి. "బస్టాండులో ఉంటాను, వచ్చి దిగు," అంటాను. ఇంతవరకు ఒక్కడూ టికెట్టు కొనలేదు.