ముట్టుకుని చూశావా?

నా చిన్నప్పుడు, తెలంగాణ ఉద్యమం మొదటిసారి రగిలిన ఏడాది, బడులు నెలల తరబడి మూతపడ్డాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో మాది కిరాయి ఇల్లు. నల్గొండ పల్లె నుంచి వచ్చి రెండేళ్లయింది. పక్క వాటాలో గుంటూరు వైపు వాళ్లుండేవారు. వాళ్ల అమ్మాయి, నేను అక్కా అని పిలిచేదాన్ని, కాలేజీ లేక ఇంట్లోనే ఉండి నాకు ఇంగ్లీషు చెప్పేది. అంత మంచి బడి నాకు మళ్లీ దొరకలేదు.

ఒకరోజు 'లెదరీ' అనే మాట వచ్చింది. తోలులాగా సాగుతూ, ఒక పట్టాన తెగనిదని అర్థం. అక్క నన్ను కళ్లు మూసుకోమని ఒక్కొక్కటే చేతిలో పెట్టింది: పెరట్లో సపోటా ఆకు, నిన్నటి చపాతి, వాళ్ల ఊరి నుంచి వచ్చిన మామిడి తాండ్ర. ఆకును అలా అంటే ఎండకు తట్టుకుంటుందని మెచ్చుకోవడమట, చపాతీని అంటే వంక పెట్టడమట. తాండ్ర సంగతి చెప్పేలోపే నేను తినేశాను.

"మా తాత మొఖం గూడ లెదరీనే అక్కా!" అన్నాను.

"ముట్టుకుని చూశావా?"

"ముట్టుడెందుకు? కనవడ్తనే ఉంది గద!"

ముట్టుకోనిదే మాట వాడకూడదంది. పోయి తాత చెంప తడిమాను. అన్ని ముడతలున్నా ఎంత మెత్తగా ఉందో! "ఏందే బిడ్డా, ఈగ వాలిందా?" అన్నాడు తాత.

వారం తిరక్కుండానే వీధి నల్లా దగ్గర నా ఈడు పిల్లలు నన్ను నిలదీశారు. "గా ఆంధ్రోళ్లింటికి ఎందుకు పోతున్నవే? పోతే మాతోని ఆడకు." ఒంటరినైపోతానని భయమేసింది. కొత్త మాట వచ్చన్న గొప్ప కూడా ఉందేమో. "నేనేం పోతలేను. గాళ్ల గుండెలు లెదరీ, తోలు లెక్కుంటయ్" అనేశాను. తిరిగి చూస్తే వెనక బిందెతో అక్క.

ఆమె తిట్టలేదు. "ముట్టుకుని చూశావా?" అని మెల్లగా అడిగి, నీళ్లు పట్టుకోకుండానే వెళ్లిపోయింది.

రోజులు బాగాలేవని మూడోనాడే వాళ్లు సామాను లారీకెక్కించి ఊరికి ప్రయాణమయ్యారు. తప్పయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తలుపు వెనకే దాక్కున్నాను. లారీ పోయాక మా గడప మీద కాగితంలో చుట్టిన తాండ్ర ముక్క కనిపించింది. వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎవరి గురించైనా పుల్లవిరుపు మాట నోటిదాకా వస్తే అక్క ప్రశ్న గుర్తొచ్చి ఆగిపోతాను. ఆమె ఎక్కడుందో తెలియదు. ఒక్కసారి కనబడితే చాలు, చెయ్యి పట్టుకుని జవాబు చెప్పాలని ఉంది. "ముట్టుకుని చూసిన, అక్కా! మెత్తగనే ఉంది" అని.